రెండు మొనల సూది, గుమ్మం ముందు నలుగురి కాపలా

పోటీ పరీక్షల పుస్తకాల్లో మశూచికి రెండే తేదీలు ఉంటాయి. 1796 మే 14న ఎడ్వర్డ్ జెన్నర్ తొలి టీకా వేశాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఈ రోగం భూమ్మీద లేదని ప్రకటించింది. ఈ రెంటి మధ్య 184 ఏళ్లున్నాయి. చేతిలో టీకా ఉండి కూడా అన్నేళ్లు ఎందుకు పట్టిందో ఆ పుస్తకాలు చెప్పవు. 1967లో కూడా ఏడాదికి కోటి నుంచి కోటిన్నర మందికి మశూచి సోకిందని, 20 లక్షల మంది పోయారని అంచనా. నన్నడిగితే అసలు మలుపు 1966 డిసెంబరులో, తూర్పు నైజీరియాలోని ఒగోజా ప్రాంతంలో వచ్చింది. దాని గురించి చెప్పే ముందు టీకా పడ్డ అవస్థలు కొంచెం చూడాలి.

జెన్నర్ చేసిన పని అందరికీ తెలిసిందే. పాలు పితికే సారా నెల్మ్స్ చేతి మీద ఆవు మశూచి పొక్కు లేచింది. అందులోని రసి తీసి, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి గాటు పెట్టి అంటించాడు. జులై 1న అదే పిల్లాడికి అసలు మశూచి రసి ఎక్కిస్తే రోగం రాలేదు. కిటుకు తెలిసింది, కానీ ఆ రసిని దూరాలకు మోసుకెళ్లేదెలా? ఎండకు, వేడికి అది చచ్చిపోతుంది. అందుకని మనుషుల చేతులనే సీసాలుగా వాడారు. 1803 నవంబరు 30న స్పెయిన్ నుంచి అమెరికా ఖండానికి బయలుదేరిన స్పెయిన్ డాక్టరు బాల్మిస్ ఓడలో 22 మంది అనాథ పిల్లలున్నారు. ఇద్దరిద్దరికి చొప్పున టీకా వేసి, తొమ్మిది పది రోజులకు వాళ్ల పొక్కుల్లోంచి రసి తీసి తర్వాతి ఇద్దరికి అంటించేవారు. ఒకడికే వేస్తే, వాడు గోకేసుకుంటే గొలుసు తెగిపోతుంది, అందుకే ఇద్దరు. మన దేశానికి వచ్చిన టీకా కూడా బాగ్దాద్, బస్రాల మీదుగా అలా చేతుల మీదే ప్రయాణించింది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల ఆనా డస్ట్‌హాల్‌కు వేశారు.

ఈ గొలుసు పద్ధతిలో రసితో పాటు ఇతర రోగాలూ ఒకరి నుంచి ఒకరికి పాకేవి. తర్వాత దూడల చర్మం మీద రసి పండించారు. అదీ ద్రవమే కాబట్టి వేసవిలో రెండు మూడు రోజులకే నీరసించిపోయేది. ఈ చిక్కు 1950ల మొదట్లో లండన్‌లోని లిస్టర్ సంస్థలో లెస్లీ కోలియర్ చేతుల్లో విడింది. శుద్ధి చేసిన రసిలో పెప్టోన్ కలిపి, గడ్డకట్టించి, గాలి లేని చోట తేమ లాగేశాడు. మిగిలిన పొడి 37 డిగ్రీల వేడిలో నెల రోజులున్నా పనిచేస్తుంది. ఐసు పెట్టె లేకుండా సంచిలో వేసుకుని ఊళ్లు తిరగడం అప్పుడు సాధ్యమైంది. పొడి టీకా వచ్చినంత మాత్రాన అన్ని దేశాల్లోనూ సరైన సరుకు తయారైందని కాదు. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనాలు తెప్పించి పరీక్షిస్తే చాలా వాటిలో సత్తువ లేదు. మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల వైరస్ కణాలుండాలన్నది ప్రమాణం. ఆ తర్వాత టొరంటోలో ఒకటి, నెదర్లాండ్స్‌లోని బిల్ట్‌హోవెన్‌లో ఒకటి పరీక్షశాలలు పెట్టి, అక్కడ నెగ్గిన సరుకునే వాడటం మొదలుపెట్టారు.

రెండో సమస్య వేసే పనిముట్టు. మన దేశంలో చాలాకాలం తిరుగుడు కత్తి వాడారు: ఒక కాడకు చిన్న పళ్ల చక్రం, దాన్ని చర్మం మీద నొక్కి గిరగిరా తిప్పడమే. నొప్పి సరే, పుండు పడి చీము పట్టేది. టీకా అంటే పిల్లల్ని తీసుకుని పొలాల్లోకి పారిపోవడానికి అమ్మవారి భయం ఎంత కారణమో ఈ చక్రమూ అంతే కారణం. ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో గట్టి ఒత్తిడితో మందు చిమ్మే తుపాకీ వాడారు. గంటకు వెయ్యి మందికి వేయొచ్చు, కానీ చెడిపోతే బాగుచేసేవాడు కావాలి. పైగా జనం వరసలో నిలబడితేనే దానికి పని. ఇంటింటికీ తిరిగే చోట అది దండగ.

1965 ప్రాంతంలో వైయెత్ అనే అమెరికా మందుల కంపెనీలో బెంజమిన్ రూబిన్ కుట్టుమిషను సూది తీసుకుని, దారం ఎక్కించే కన్నం దగ్గర అరగదీశాడు. కన్నం పోయి రెండు మొనలు మిగిలాయి. మందులో ముంచి తీస్తే ఆ రెండు మొనల మధ్య 0.0025 మిల్లీలీటరు చుక్క నిలుస్తుంది. అంతే, అదే మోతాదు. పాత పద్ధతిలో 25 మందికి సరిపోయే ఆంప్యూల్, అంటే మందున్న చిన్న గాజు బుడ్డి, దీనితో 100 మందికి వచ్చింది. వెయ్యి సూదులకు ఐదు డాలర్లు. కంపెనీ హక్కు రుసుము వదులుకుంది. వాడటం నేర్పడానికి పది పదిహేను నిమిషాలు చాలు, చదువు రానివాళ్లకు కూడా.

వాడే తీరు ఇదీ. ఆంప్యూల్ మెడ విరిచి, గ్లిజరిన్ కలిపిన ద్రావకం పోసి పొడి కరిగేదాకా కదపాలి. కలిపిన మందు ఆ పూటకే. సాయంత్రానికి మిగిలింది పారబోయాలి. సూదిని ఉడకబెట్టి, లేదా మంట మీద కాల్చి శుభ్రం చేస్తారు. ఇక్కడే పొరపాట్లు జరిగేవి. ఉడకబెట్టిన సూది తడిగా ఉంటే మందు పలచబడుతుంది, చుక్క సరిగా నిలవదు. కాల్చిన సూది చల్లారకముందే ముంచితే వైరస్ మాడిపోతుంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిస్తే అది ఆరేలోగా టీకాను చంపేస్తుంది. అందుకే అసలు తుడవొద్దన్నారు. మట్టి అంటుకుని ఉంటే తడిగుడ్డతో అద్దితే చాలు. ఎంత చదువుకున్న డాక్టరైతే ఈ మాట అంత కష్టంగా వినేవాడు.

మణికట్టును ఎదుటివాళ్ల జబ్బకు ఆనించి, సూదిని చర్మానికి నిటారుగా పట్టుకుని, 5 మిల్లీమీటర్ల వృత్తంలో చకచకా 15 పోట్లు పొడవాలి. పదిహేను ఇరవై సెకన్లలో నెత్తురు కొంచెం చెమర్చాలి. అసలు చెమర్చకపోతే పోటు పైపైనే పడినట్టు. ధారగా కారితే లోతెక్కువై మందు కొట్టుకుపోతుంది. కట్టు కట్టకూడదు. ఒకరికి వాడిన సూదిని మళ్లీ మందులో ముంచకూడదు. శుభ్రమైనవి ఒక డబ్బాలో, వాడినవి ఒక డబ్బాలో. మూడో రోజుకు చిన్న గట్టి పొక్కు, ఐదారు రోజులకు నీటి పొక్కు, ఎనిమిది తొమ్మిది రోజులకు చీము పొక్కు, మూడు వారాలకు చెక్కు ఊడి మచ్చ. వారానికి తిరిగొచ్చి చూసినప్పుడు పొక్కు లేకపోతే టీకా పట్టలేదని అర్థం, మళ్లీ వేయాలి.

మందూ సూదీ కుదిరాయి. వాటిని ఎవరికి వేయాలన్నదే అసలు ప్రశ్న.

1959లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసినప్పుడు అందరి లెక్కా ఒక్కటే: జనాభాలో 80 శాతం మందికి వేస్తే రోగం తనంతట ఆగిపోతుంది. మన దేశం 1962లో అదే లక్ష్యంతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. కాగితం మీద కోట్ల టీకాలు పడ్డాయి, మశూచి మాత్రం కదల్లేదు. కారణం లెక్క రాసే తీరులోనే ఉంది. ఇన్ని టీకాలు వేశావా అని అడిగితే, వేసేవాడు బడికెళ్తాడు. ఒకేచోట వంద చేతులు దొరుకుతాయి. పోయినేడు వేయించుకున్న పిల్లలకే ఈ ఏడూ పడుతుంది. చంటిపిల్లలు, వలస కూలీలు, దిమ్మరులు, మురికివాడల జనం, అంటే రోగం తిరిగేది ఎవరి మధ్యనో వాళ్లే మిగిలిపోతారు. చదరపు మైలుకు వందలమంది ఉండే గంగా మైదానంలో ఆ మిగిలిన 20 శాతమే మశూచికి బోలెడు మేత.

ఇక ఒగోజా. 1966 డిసెంబరు మొదట్లో, విలియం ఫేగీ అనే అమెరికన్ డాక్టరుకు అక్కడ మశూచి కనిపించిందని కబురొచ్చింది. ఊరూరా వేయడానికి టీకా లేదు, సరఫరా ఇంకా అందలేదు. ఆ ప్రాంతంలోని మిషనరీలు ప్రతి సాయంత్రం రేడియోలో మాట్లాడుకునేవారు. ఫేగీ బృందం పటం ముందేసుకుని ఒక్కొక్క మిషనరీకీ కొంత ప్రాంతం పంచింది: మీ వైపు ఊళ్లన్నిటికీ మనిషిని పంపి, మశూచి ఉందో లేదో కనుక్కోండి అని. ఒక్కరోజులో నాలుగు ఊళ్లలో ఉందని తేలింది. ఉన్న కాస్త మందునూ ముందు ఆ ఊళ్లలో వేశారు. తర్వాత ఆ ఊళ్లవాళ్లు ఏ సంతకు పోతారు, చుట్టాలు ఎక్కడున్నారని అడిగి, రోగం ఎటు పోవచ్చో ఊహించి, అక్కడ ముందుగానే వేసిపెట్టారు. ఊహ నిజమైంది. ఆ చోట్లకు రోగం చేరింది కానీ పాకే దారి దొరకలేదు. ప్రాంతంలో సగం మందికి కూడా టీకా పడకుండానే మశూచి ఆగిపోయింది.

అదృష్టంలా కనిపించే ఈ ఫలితం వెనక రోగం తత్వం ఉంది. మశూచి సోకాక సుమారు 12 రోజులు పైకి ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో ఎవరికీ అంటదు. తర్వాత రెండు నుంచి నాలుగు రోజులు మంచం పట్టించే జ్వరం, ఆపైన దద్దు. అంటుకోవడం ఎక్కువగా దద్దు వచ్చిన మొదటి వారంలో, అదీ దగ్గరగా మసిలేవాళ్లకు. జంతువుల్లో దాక్కోదు. తగ్గినవాడిలో మిగలదు. ముఖం మీద పొక్కులు వస్తాయి కాబట్టి దాచినా దాగదు. అన్నిటికంటే ముఖ్యమైంది: సోకిన మూడు నాలుగు రోజుల్లో టీకా వేస్తే కూడా రోగాన్ని ఆపొచ్చు, ఎందుకంటే టీకా వైరస్ అసలు దానికంటే ముందు శరీరాన్ని మేల్కొలుపుతుంది. అంటే రోగిని చూసిన తర్వాత పరుగెత్తినా సమయం దొరుకుతుంది. ఒక్క రోగి చుట్టూ గోడ కట్టడానికి ప్రకృతే వెసులుబాటు ఇచ్చింది.

భారతదేశంలో ఈ పద్ధతి గట్టిగా మొదలైంది 1973 అక్టోబరులో. దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే దాదాపు బయటపడ్డాయి. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్‌లు మిగిలాయి. మలేరియా, కుటుంబ నియంత్రణ సిబ్బందితో సహా ఆరోగ్య శాఖలో కాళ్లున్న ప్రతివాడినీ ఒక వారం పాటు ఊళ్ల మీదికి పంపారు. వెతకడమొక్కటే పని. మొదట్లో ఊరి పెద్దని, బడి పంతులుని, టీ కొట్టువాడిని అడిగి వచ్చేశారు. తర్వాత ఇంటింటికీ వెళ్లారు. చేతిలో మశూచి పొక్కులతో ఉన్న పిల్లవాడి ఫోటో కార్డు. దాన్ని చూపించి ‘ఇలాంటిది ఎక్కడైనా చూశారా’ అని అడగాలి. పిల్లల్నీ అడగాలి, ఎందుకంటే పెద్దలు దాచింది పిల్లలు చెప్పేస్తారు. వెతికారో లేదో తెలుసుకోవడానికి వేరే మనుషులు పదో వంతు ఊళ్లకు మళ్లీ వెళ్లి, వెతికేవాడు వచ్చాడా, కార్డు చూపించాడా, కేసు చూపిస్తే ఇచ్చే బహుమతి సంగతి చెప్పాడా అని అడిగేవారు.

తొలి వెతుకులాటలోనే సుమారు 10 వేల కొత్త కేసులు బయటపడ్డాయి. అధికారులకు గుండె ఆగినంత పనైంది. అంతవరకు కేసులు పెరిగితే ఆ జిల్లా అధికారికి చీవాట్లు, అందుకే నివేదికల్లో తక్కువ రాసేవారు. ఈ పద్ధతిలో కేసు దాచినవాడిది తప్పు, దొరికించినవాడిది ఒప్పు. ఈ తిరగవేత ఎంత కష్టమో గవర్నమెంటు ఆఫీసు ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1974లో దేశంలో నమోదైన కేసులు 1,88,003, మరణాలు 31,262. మే నెలలో బీహార్ అల్లాడింది. ఎండలు, రైల్వే సమ్మె, పైగా పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగిన నెల కావడంతో విదేశీ పత్రికల ఎత్తిపొడుపులు. పాత పద్ధతికి, అంటే అందరికీ టీకాలకు వెనక్కి పోదామని రాష్ట్ర మంత్రి అన్నాడు. ఆ సమావేశంలో ఒక యువ డాక్టరు లేచి, ఊళ్లో ఇల్లు తగలబడితే నీళ్లు ఆ ఇంటి మీదే పోస్తాం కదా అన్నాడట. మంత్రి ఒక నెల గడువిచ్చాడు.

చుట్టుముట్టడం ఎలా చేసేవారంటే: కేసు తెలిసిన రోజే బృందం ఊళ్లో దిగాలి. రోగి ఇంట్లోవాళ్లకు మొదట, ఇరుగుపొరుగుకు తర్వాత, ఆపైన ఊరందరికీ, పేర్లు రాసుకుని మరీ టీకా. పగలు జనం పొలాల్లో ఉంటారు కాబట్టి తెల్లవారుజామున, రాత్రి లాంతరు వెలుగులో వేసేవారు. గుమ్మం దగ్గర నలుగురు కాపలా, పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు. వాళ్లను ఆ ఊళ్లోనే కూలికి పెట్టుకునేవారు. ఎవరు ఎవరికి చుట్టమో వాళ్లకే తెలుస్తుంది. లోపలికి ఎవరొచ్చినా ముందు టీకా. రోగి కుటుంబం కూలికి పోలేదు కాబట్టి బియ్యం, పప్పు ఇవ్వాలి. తొలి రోజుల్లో ఈ ఖర్చు మరిచారు. తిండి లేక కుటుంబం రాత్రికి రాత్రి గోడ దూకి చుట్టాల ఊరికి పోయేది, రోగాన్ని వెంటబెట్టుకుని. అందుకే మూడు వారాల్లో ఆ ఇంటికి ఎవరు వచ్చారు, ఎవరు ఎక్కడికి పోయారో రాసి, ఆ జిల్లాకు తంతి పంపేవారు. 1974లో టాటానగర్ నుంచి ఇళ్లకు మళ్లిన వలస కూలీల వల్ల దాదాపు 300 కొత్త చోట్ల మశూచి మొలిచింది. చివరికి అక్కడ టీకా వేయించుకున్నాకే రైలు ఎక్కనిచ్చారు.

రోగాన్ని పోల్చుకోవడంలోనూ తికమకే. మన దగ్గర మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. ‘అమ్మవారు పోసింది’ అంటే రెంట్లో ఏదైనా కావచ్చు. చూసి చెప్పే గుర్తులు: మశూచి పొక్కులు ముఖం మీద, చేతుల మీద, కాళ్ల మీద ఎక్కువ, పొట్ట మీద తక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి. ఒక చోట ఉన్నవన్నీ ఒకే ఈడువి, చర్మం లోపల గట్టిగా బఠాణీ గింజలా తగులుతాయి. ఆటలమ్మ పొట్ట, వీపు మీద ఎక్కువ, పక్కపక్కనే ఒకటి నీటి పొక్కు, ఒకటి మాడిన చెక్కు, పైపైన ఉంటాయి. చివరి దశలో ఆటలమ్మతో పెద్దవాళ్లెవరైనా పోయారంటే, కాదని తేలేదాకా దాన్ని మశూచిగానే చూశారు. చెక్కులు ఏరి పరీక్షకు పంపారు. కేసులు తగ్గేకొద్దీ కబురు చెప్పినవాళ్లకు బహుమతి పెంచుతూ పోయారు. కొద్ది పదులతో మొదలై 1975లో 1000 రూపాయలైంది.

దేశంలో పుట్టిన చివరి కేసు 1975 మే 17న బీహార్‌లో. వారానికి, మే 24న బంగ్లాదేశ్ నుంచి వచ్చిన సైబన్ బీబీ అనే ఆవిడలో అస్సాంలోని కరీంగంజ్ దగ్గర చివరి దిగుమతి కేసు. మశూచిలో ప్రాణాంతకమైన పెద్ద రకం చివరగా కనిపించింది అదే ఏడు అక్టోబరులో, బంగ్లాదేశ్ భోలా ద్వీపంలోని చిన్నారి రహీమా బానూలో. కబురు ఇచ్చింది ఎనిమిదేళ్ల పిల్ల. 250 టాకాలు గెలుచుకుంది.

మిగిలింది ఆఫ్రికా కొమ్ములోని తేలిక రకం. 1977 అక్టోబరు 12న సోమాలియాలోని మెర్కా పట్టణంలో, ఇద్దరు మశూచి పిల్లల్ని తీసుకెళ్తున్న వాహనం దారి అడిగింది. ఆసుపత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్, 23 ఏళ్లవాడు, దారి చూపిస్తానని ఎక్కాడు. వాహనంలో ఉన్నది కొద్ది నిమిషాలే. ఆసుపత్రిలో పని చేస్తున్నా నొప్పికి జడిసి టీకా తప్పించుకున్నాడు. జ్వరం వస్తే మలేరియా అన్నారు, 26న దద్దు వస్తే ఆటలమ్మ అని ఇంటికి పంపేశారు. అతన్ని కలిసినవాళ్లు 161 మంది తేలారు. రెండు వారాల్లో పట్టణంలో 54,777 మందికి టీకాలు పడ్డాయి. ఒక్కరికీ రోగం రాలేదు. సహజంగా మశూచి సోకిన ఆఖరి మనిషి మాలినే.

అయినా ప్రకటన వెంటనే రాలేదు. చివరి కేసు తర్వాత రెండేళ్లు వెతుకుతూనే ఉండాలన్నది నియమం. ఈలోగా 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, ప్రయోగశాల పై అంతస్తులో పనిచేసే ఫోటోగ్రాఫర్ జానెట్ పార్కర్‌కు ప్రయోగశాల వైరస్ సోకి సెప్టెంబరు 11న చనిపోయింది. దాంతో చాలా దేశాలు తమ దగ్గరున్న వైరస్ నిల్వలను నాశనం చేశాయి, లేదా అప్పగించాయి. ఇప్పుడు అధికారికంగా ఉన్నది అట్లాంటాలో, రష్యాలోని కోల్ట్‌సోవోలో మాత్రమే. 1979 డిసెంబరు 9న మశూచి పోయిందన్న పత్రం మీద నిపుణుల సంఘం సంతకాలు పెట్టింది. 1967 నుంచి అయిన ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు, అందులో మూడింట రెండొంతులు రోగమున్న దేశాలే పెట్టుకున్నాయి.

పోలియోకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాలేదని అడుగుతుంటారు. పోలియో సోకిన దాదాపు 200 మందిలో ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావాళ్లు ఏమీ తెలియకుండానే అంటిస్తారు. కనిపించిన రోగి చుట్టూ కాపలా పెట్టేసరికి వైరస్ ఊరు దాటి ఉంటుంది. అందుకే అక్కడ అయిదేళ్లలోపు పిల్లలందరికీ మళ్లీ మళ్లీ చుక్కలు వేయాల్సిందే. సోమాలియాలో ఆ చుక్కలు వేయించడానికి మాలిన్ చాలా ఏళ్లు తిరిగాడు, తను టీకా ఎగ్గొట్టి ఏమయ్యాడో తల్లులకు చెబుతూ. 2013 జులైలో, పోలియో పనిలో ఉండగానే మలేరియా వచ్చి మెర్కాలోనే చనిపోయాడు.